ఐదు గీతల చీటీ

మా మోక్షితకి ఆరేళ్ళప్పుడు వచ్చిన చీటీ మీద రెండు అంకెలు ఉన్నాయి. ఇరవై ఏడు, ముప్ఫై నాలుగు. మొదటిది షుగరు వచ్చే వయసు. రెండోది గుండె చెడే వయసు. వాటి పైన ఐదు ఎర్ర గీతలు, దువ్వెన పళ్ళలా నిటారుగా.

చీటీ చేతికొచ్చాక నేను చేసిన మొదటి పని నా వయసు లెక్క వేసుకోవడం. దానికి ఇరవై ఏడు వచ్చేసరికి నాకు నలభై ఏడు. ముప్ఫై నాలుగు వచ్చేసరికి యాభై నాలుగు. అంటే ఆ రెండూ కళ్ళారా చూడ్డానికి నేను బతికే ఉంటాను.

మా అత్తగారు వరహాలమ్మ చీటీని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆవిడకి చదువు రాదు. రంగు తెలుసు.

"ఎరుపేటే?" అంది.

"ఆయ్."

"మీ మావయ్య పోలికే. ఆయనా గుండె పట్టుకునే పోయాడు." మళ్ళీ, "మీ అమ్మ వైపు షుగరుంది కదేటి?" అంది.

తప్పు ఎవరి వైపుదో తేలితే గీతలు పొట్టివవుతాయన్నట్టు ఆ వారమంతా మా ఇంట్లో అదే మాట.

ఆ చీటీలిచ్చే యంత్రం మా పాటిలంకకి బండిలో వచ్చింది. ముందురోజు బడిలో పిల్లలందరికీ కాగితాలు పంచారు. చిన్న పిల్లల రక్తంలో ఐదు రకాల అమైనో ఆమ్లాలు కొలిచి, ముందుముందు వాళ్ళకి షుగరు, గుండెజబ్బు వస్తాయో రావో, వస్తే ఏ వయసులో వస్తాయో చెప్పేస్తారట. రక్తం తీసేముందు పన్నెండు గంటలు మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదు. ఆ ముక్క పెద్ద అక్షరాలతో ఉంది.

పక్కింటి లోవకుమారి కాగితం చదివించుకుని నవ్వింది. "రేపు ఎలాగూ అట్లతద్దే కదే. ఆడపిల్లలందరూ ఉపవాసమే. మనకి కలిసొచ్చింది."

నిజమేననుకున్నాను. మా వీధుల్లో అట్లతద్ది అంటే పెళ్ళైనవాళ్ళకీ, కానివాళ్ళకీ, మోక్షితలాంటి బుడ్డిదానికీ కూడా నోమే. పెద్దవాళ్ళు చంద్రుడు కనపడేదాకా ఉంటారు, పిల్లలు మధ్యాహ్నందాకా ఉంటే చాలు. తెల్లవారుజామున వరహాలమ్మ అందర్నీ లేపింది. "లేవండే, చుక్కుండగానే తినెయ్యాలి. తెల్లారితే ఇంక మంచినీళ్ళే." వేడన్నం, ముద్దపప్పు, చేతినిండా నెయ్యి, గోంగూర పచ్చడి, గడ్డపెరుగు. మోక్షిత కళ్ళు మూసుకునే నోరు తెరిచేది. ముద్ద ముద్దకీ వాళ్ళ నాయనమ్మ, "ఇది నీ మొగుడికి, ఇది నీ అత్తకి" అంటుంటే నిద్రలోనే నవ్వేది. రెండోసారి కూడా పప్పు వేయించుకుంది. తర్వాత వీధి ఆడపిల్లలంతా వేపచెట్టుకి కట్టిన ఉయ్యాల దగ్గరికి పరిగెత్తారు.

చుక్కుండగా తిన్నది ఉపవాసానికి అడ్డం రాదు. ఆ సంగతి మా వీధిలో ఒకరు అడగడం, ఇంకొకరు చెప్పడం ఉండదు. ఊపిరి తీయడం ఎలా తెలుసో అదీ అలాగే తెలుసు.

తొమ్మిది గంటలకి బడి వరండాలో వరసగా నిలబడ్డాం. ఊరికి కొత్త నర్సమ్మ చేతిలో వెలిగే తెర ఉన్న పలక పట్టుకుని అడిగింది. "పాప గడిచిన పన్నెండు గంటల్లో ఏమీ తినలేదు కదా?"

"లేదండి. ఉపవాసం" అన్నాను. ఆ మాట చెప్పడంలో నాకు కొంచెం గర్వం కూడా ఉంది. నా పిల్ల ఆరేళ్ళకే నోము నోస్తోందని.

పలక మీద వేలితో సంతకం పెట్టమంది. పెట్టాను. తొమ్మిదో తరగతిలో చదువు ఆగిపోయినా నా దస్తూరీ బాగుంటుంది.

*

మా మూడు వీధుల్లో ఆడపిల్లలు ముప్ఫై తొమ్మిది మంది. ముప్ఫై ఏడు చీటీలు ఎరుపు వచ్చాయి. మగపిల్లలవన్నీ, ఒకటి రెండు తప్ప, పచ్చ.

నెల తిరక్కుండా పాటిలంక పేరు టీవీల్లో వచ్చింది. ఇంత చిన్న వయసులో, ఇన్ని ఇళ్ళల్లో, అదీ ఆడపిల్లల్లోనే ఆ ఐదు ఆమ్లాలు అంతంత ఎత్తున ఉండటం ప్రపంచంలో ఎక్కడా చూడలేదట. తల్లుల నుంచి కూతుళ్ళకి దిగుతున్న ఏదో లోపం అన్నారు. దానికి 'పాటిలంక లక్షణం' అని పేరు పెట్టారు. మూతపడ్డ రైసుమిల్లులో ప్రయోగశాల తెరిచారు. హైదరాబాదు నుంచి డాక్టర్ హైమవతి గారు వచ్చి అక్కడే మేడ మీద గదిలో ఉండిపోయారు.

నా దస్తూరీ చూసి ఆవిడే నన్ను పనిలో పెట్టుకుంది. గాజు గొట్టాలకి పేర్లు రాసి అంటించడం, పెట్టెల్లో సర్దడం, బల్లలు తుడవడం. నా పిల్ల జబ్బు దగ్గర్లో ఉంటే దాన్ని కనిపెట్టుకుని ఉండొచ్చని చేరాను. పాము ఎక్కడుందో తెలిస్తే కాస్త నిద్ర పడుతుంది కదా.

ఇంట్లో పథ్యం మొదలైంది. ఎర్ర చీటీ పిల్లలకి నెలకో డబ్బా బూడిదరంగు పొడి ఇచ్చారు. అది నీళ్ళలో కాచి మూడు పూటలా తాగించాలి. పప్పు, గుడ్డు, చేప, పాలు, పెరుగు బంద్. ఆ ఐదు ఆమ్లాలు వాటిల్లోంచే వస్తాయి కాబట్టి. ఏటి గట్టున ఉంటూ నా పిల్ల చేప ముక్క ముట్టలేదు. బడిలో ఎర్ర చీటీ పిల్లల్ని విడిగా వరసలో కూర్చోబెట్టేవారు. పక్క వరసలో పిల్లలు ఉడికిన గుడ్డు ఒలుచుకుంటుంటే వీళ్ళు గ్లాసు ఎత్తి జావ తాగేవారు.

మొదట్లో ఏడ్చేది. పెరుగు గిన్నె మీద చెయ్యి వేస్తే నేను ఆ చేతి మీద కొట్టాను. ఒకసారి కాదు.

"నీకేమైనా రోగమేటి? చంటిపిల్లని కొడతావా?" అంది అత్తగారు.

"ఇప్పుడు కొడితే ఏడుస్తుంది. ఇరవై ఏడో ఏట ఎవర్ని కొట్టమంటారు?"

ఆ తర్వాత పెరుగు గిన్నె అటక మీద పెట్టడం ఆవిడే మొదలుపెట్టింది.

మా ఆయన సూరిబాబు రొయ్యల మంచు బండి నడుపుతాడు. తెల్లారకముందే వెళ్ళి చీకటి పడ్డాక వస్తాడు. జూన్‌లో బడి తెరిచాక ఒక ఆదివారం మోక్షిత పాత బూట్లు తొడిగి చూశాడు. సరిపోయాయి. "ఏవే, కిందటేడు బూట్లే! ఈ ఏడు కొనక్కర్లేదు" అన్నాడు నవ్వుతూ. నవ్వు సగంలో ఆగిపోయింది. పిల్ల కాళ్ళ వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్ళీ బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. కిందటి దసరాకి కుట్టించిన గౌను ఈ దసరాకీ పట్టింది. జుట్టు కొసలు కొబ్బరిపీచు రంగుకి తిరిగాయి. మోకాలికి తగిలిన దెబ్బ మానడానికి నెల పట్టింది.

ఈ సంగతి డాక్టరుగారికి చెప్పాను.

"గీతలు ఎట్లున్నయి?" అని అడిగింది.

"తగ్గాయండి. కిందటి నెల కన్నా బాగా తగ్గాయి."

"మరి పథ్యం పనిచేస్తుంది కదా ఝాన్సీ. కొద్దిగా నీరసం ఉంటది. ప్రాణం ముఖ్యం."

ఆవిడ చెడ్డమనిషి కాదు. మోక్షిత కనపడితే జేబులోంచి రంగు పెన్సిళ్ళు తీసి ఇచ్చేది. ఆ మాట ఆవిడ నమ్మే చెప్పింది. నేనూ నమ్మే విన్నాను.

*

ప్రయోగశాలలో యంత్రం చూసుకునేది ఇమ్మానియేలు గారు. మా ఊరి చర్చి వీధివాడే. నలభై దాటిన మనిషి. ఎప్పుడూ ఏదో ఒక పరాచికం. ఆయన కూతుళ్ళు కవలలు, మోక్షిత క్లాసే. ఇద్దరివీ పచ్చ చీటీలు.

"మీ పిల్లలకేం బాబూ, ప్రభువు కాపాడాడు" అన్నాను ఒకరోజు గొట్టాలు సర్దుతూ. గొంతులో కొంచెం ఉక్రోషం ఉందేమో.

"ప్రభువు సంగతేమో గానీ మా ఆవిడ వంట అలాంటిదమ్మా. ఆ కూర తిన్నాక ఒంటికి ఇంక ఏ జబ్బూ ఆనదు."

నవ్వొచ్చింది. ఆ మాట మీదే ఆయన్ని అడిగాను, ఇంతకీ ఈ గీతలు ఏం చెబుతాయి, ఎలా చెబుతాయి అని. ల్యూసిన్, వాలిన్, టైరోసిన్ అంటూ ఐదు పేర్లు గొట్టాల మీద రాసి రాసి నా చేతికి వచ్చాయి గానీ బుర్రలోకి రాలేదు.

"బస్టాండు అనుకో" అన్నాడు. "పప్పో, గుడ్డో తింటాం. కడుపులో అది ముక్కలైపోయి ఈ ఐదుగురూ రక్తంలోకి దిగుతారు. ఒళ్ళు బాగుంటే వచ్చినోళ్ళని వచ్చినట్టు బస్సెక్కించి పంపేత్తది. లోపల ఎక్కడో బస్సులు తగ్గిపోతన్నాయనుకో, స్టాండులో జనం పేరుకుపోతారు. షుగరు పైకి కనపడ్డానికి ఇరవై ఏళ్ళు పట్టుద్ది. ఈ జనం మాత్రం ఇప్పుడే కనపడతారు. మన మిషను చేసేది జనాన్ని లెక్కెట్టడమే. కాకపోతే పొద్దున్నే, కొత్తోళ్ళెవరూ దిగని టయానికి లెక్కెట్టాలి."

"అందుకేనా ఏమీ తినకుండా రమ్మంటారు?"

"మరే."

నాకు అర్థమైంది. మోక్షిత ఒంట్లో ఆగిపోయిన బస్సులు కళ్ళముందు కనపడ్డాయి. కానీ నాకు అర్థం కావాల్సింది అది కాదు.

యంత్రం సరిగ్గా చెబుతోందో లేదో చూడ్డానికి ప్రతి గురువారం పరగడుపున మా పనివాళ్ళ రక్తమే తీసి వాడేవారు. మా గీతలు ఎలా ఉంటాయో దానికి ముందే తెలుసు కాబట్టి. నావి ఎప్పుడూ పొట్టి గీతలు, పచ్చవి. చీటీ కూడా ఇచ్చారు, ఇనప్పెట్టెలో దాచాను.

రెండో ఏడు అట్లతద్ది గురువారం వచ్చింది. ఆ తెల్లవారుజామున మోక్షితకి చుక్కుండగానే పొడి జావ తాగించాను. నేనూ అత్తగారూ పప్పన్నం తిన్నాం, పిల్ల చూడకుండా వంటింటి తలుపు దగ్గరగా వేసుకుని. దొంగల్లా తిన్నాం. ఏడు గంటలకి ప్రయోగశాలకి వెళ్ళి వేలు చాపాను.

ఇమ్మానియేలు గారు గాజు పలక యంత్రంలో పెట్టి ఈల వేసుకుంటున్నాడు. ఈల ఆగింది.

"ఏటమ్మా ఇది?"

తెర మీద నా గీతలు ఐదూ పైదాకా లేచి ఉన్నాయి. ఎర్రగా. మోక్షిత చీటీ మీద ఉన్న ఆకారమే. మధ్య గీత అన్నిటికన్నా పొడుగు, చివరిది కొంచెం పొట్టి. ఆ ఆకారం నేను నిద్రలో కూడా గీయగలను.

"మిషను పాడైందేమోనండి."

ఆయన తన వేలు పొడుచుకుని చూశాడు. పచ్చ. నాది మళ్ళీ తీశాడు. ఎరుపు.

"ఏం తిని వచ్చావమ్మా?"

"ఏమీ తినలేదండి. ఇవాళ తదియ కదా, ఉపవాసం."

"ఉపవాసవా. పోనీ నిన్న రాత్రి ఏం తిన్నావు?"

"రాత్రి తినలేదండి. తెల్లవారుజామునే కదా తినేది."

ఆయన చేతిలో దూది అలాగే ఉండిపోయింది. "తెల్లారగట్ల ఏం తిన్నావు?"

"ముద్దపప్పు. పెరుగు. అది చుక్కుండగా తిన్నదండి, అది..."

అది లెక్కలోకి రాదు అనబోయాను. ఎదురుగా తెర మీద అది లెక్కలోకి వచ్చి కూర్చుంది, ఐదు గీతలై.

ఎప్పుడూ పరాచికాలాడే ఇమ్మానియేలు గారు గొంతు తగ్గించి అన్నాడు. "బస్సులు రాక కాదమ్మా జనం. అప్పుడే తీర్థం వదిలితే వచ్చి దిగిన జనం."

కిందటేడు పిల్లల రక్తం తీసిన రోజు ఏ రోజో ఆయనకి నేను చెప్పనక్కర్లేకపోయింది. పట్టీ తీశాడు. ఎర్ర చీటీలు ముప్ఫై ఏడూ నోము నోచే ఇళ్ళవి. చర్చి వీధి ఆడపిల్లలు ఒక్కరూ లేరు. మా వీధుల్లో పచ్చ వచ్చిన ఇద్దరిలో ఒకతె ఆ తెల్లవారుజామున జ్వరంతో తినడానికి లేవలేదు. రెండోది లోవకుమారి తోడికోడలి కూతురు, పప్పన్నా పెరుగన్నా గిట్టదు.

*

డాక్టరుగారు మొదట విషయం పట్టుకోలేదు. "అట్లతద్దా? మా వైపు బతుకమ్మ ఉంటది గానీ ఇది తెల్వదు" అంది. నేను చెప్పుకుంటూ పోయాను. నెయ్యి దాకా చెప్పాను. ఆవిడ ముఖంలో రంగు కొంచెం కొంచెంగా దిగిపోవడం చూశాను.

"పన్నెండు గంటలు ఏమీ తినలేదా అని అడిగినం" అంది. "తెల్లవారకముందు ఏం తిన్నరు అని అడగలేదు." ఆ మాటే రెండుసార్లు అంది.

"మేడం, అయితే మా మోక్షితకి ఏమీ లేనట్టేనా?"

"తెల్వదు ఝాన్సీ. ఉండొచ్చు, లేకపోవచ్చు. అందరిలాగే. మళ్ళీ పరీక్ష చేద్దాం."

చేశారు. ముందురోజు రాత్రి ఎనిమిది నుంచి నేను పిల్ల పక్కనే కూర్చుని కాపలా కాశాను. గీతలు పొట్టిగా, పచ్చగా వచ్చాయి. బతికామనుకున్నాను. కింద యంత్రం అచ్చుకొట్టిన వాక్యం చదివేదాకా. 'పథ్యం వల్ల అదుపులో ఉంది. కొనసాగించాలి.'

మిగతా పిల్లలవీ అంతే. ఏడాదిగా పప్పూ గుడ్డూ లేని ఒంట్లో ఆ ఆమ్లాలు ఎక్కడి నుంచి వస్తాయి? ఒకసారి ఎరుపు చూసిన పేరుని యంత్రం మళ్ళీ మామూలు మనిషిగా చూడదు. గీత పెరిగితే జబ్బు. తగ్గితే మందు గొప్పతనం.

డాక్టరుగారు పైకి రాసింది. నాలుగు నెలలు పథ్యం ఆపి, తర్వాత సరిగ్గా పరగడుపున చూస్తే గానీ నిజం తెలియదని. జవాబు రావడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ జావే. వచ్చిన జవాబు ఆవిడ నాకు చదివి వినిపించింది. ప్రమాదం ఉందని తేలిన పిల్లలకి పథ్యం ఆపడం నీతి కాదట. తల్లులందరూ పిల్లలు తిననేలేదని సంతకాలు చేసి ఉన్నారట. ఆ సంతకాలు తప్పని మూడింట రెండొంతుల మంది తల్లులు రాసిస్తే అప్పుడు ఆలోచిస్తారట. ఇంకో సంగతి కూడా ఉంది. పాటిలంక పిల్లల గీతల్నే పాఠంగా చెప్పి మిగతా జిల్లాల యంత్రాలకి నేర్పించారు. అక్కడా ఇప్పుడు ఎర్ర చీటీలు వస్తున్నాయి.

"ఇదిగో నీ సంతకం" అని పలక చూపించింది. కోపంగా కాదు. ఎంత చక్కని దస్తూరీ అనిపించింది నాకే.

ఇరవై ఐదు సంతకాలు కావాలి. కాగితం పట్టుకుని మధ్యాహ్నం లోవకుమారి ఇంటికి వెళ్ళాను. అరుగు మీద ఐదారుగురు చింతపండు గింజలు తీస్తున్నారు. చెప్పాను, బస్టాండుతో సహా.

"అంటే ఏవంటావు? మేం అబద్ధం చెప్పావని రాసివ్వమంటావా?" అంది ఒకావిడ.

"అబద్ధం కాదు. చుక్కుండగా పెట్టామని రాయాలి. అంతే."

"పెట్టాం. దాన్నెవరైనా తినడం అంటారా? నోము నోచిన పిల్ల ఉపవాసం లేదని రాస్తే నోము ఏవవుద్ది?"

లోవకుమారి గింజలు తీస్తూనే ఉంది. దాని కూతురు సహస్ర అరుగు చివర గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఆడుకోవడం మానేసి చాన్నాళ్ళయింది.

"ఝాన్సీ, ఒక్క మాట చెప్పు" అంది లోవకుమారి. "నీ లెక్క తప్పయితే? మా సహస్రకి నిజంగానే ఉండి, నీ మాట నమ్మి నేను పథ్యం ఆపేసి, అది ఇరవై తొమ్మిదో ఏట మంచాన పడితే, అప్పుడు నువ్వొచ్చి కూర్చుంటావా దాని పక్కన?"

రోజూ అన్నం వండేటప్పుడు నన్ను నేను అడుక్కుంటున్న ప్రశ్న అదే.

"నీ పిల్లకి చూసుకోవే" అంది మెల్లగా. "నాకు ధైర్యం లేదు."

సాయంత్రం కాగితం ఖాళీగా ఇంటికి తెచ్చాను. వరహాలమ్మ పీట మీద కూర్చుని నేను చెప్పిందంతా విన్నది. బొటనవేలు చాపింది.

"ఇటు తే. పెట్టింది నేను. రెండోసారి పప్పేసింది కూడా నేనే."

"నోము పోతుందేమో అత్తయ్యా."

"పోతే పోయింది. మొగుడి కోసం నోచాను ఏళ్ళతరబడి, నిలిచాడేటి?"

కాటుక రాసి వేలిముద్ర వేయించాను. మర్నాడు డాక్టరుగారు కాగితం చూసి తల అడ్డంగా ఊపింది. తల్లి సంతకమే చెల్లుతుంది. నాయనమ్మకి గడి లేదు.

నాది ఒక్కటే మిగిలింది. పెట్టాను. అదే చక్కని దస్తూరీతో.

వేసవిలో హైమవతి గారిని వేరే చోటికి పంపేశారు. వెళ్ళేరోజు మోక్షితకి ఒక పెట్టెడు రంగు పెన్సిళ్ళు ఇచ్చి, నాతో ఏదో అనబోయి, "పెట్టు" అంది. "ఎవరికీ చెప్పకు. పిల్లకి తిండి పెట్టు." కారు కదిలాక కూడా వెనక అద్దంలోంచి చూస్తూనే ఉంది.

*

పెడదామనే అనుకున్నాను. పొడి డబ్బా తీసుకెళ్ళి కాలవలో ఒంపేశాను. గుడ్డు ఉడకబెట్టి, ఒలిచి, ఉప్పూ మిరియాలూ చల్లి పిల్ల ముందు పెట్టాను. మోక్షిత పళ్ళెం వైపు చూసి నా వైపు చూసింది.

"నాకు పడదు కదమ్మా."

"పడుతుంది. డాక్టరమ్మ చెప్పింది."

"ఏ డాక్టరమ్మ? వెళ్ళిపోయిందిగా."

బడిలో దానికి అప్పటికే చొక్కాకి పెట్టుకునే వెండి నక్షత్రం ఇచ్చారు. పథ్యం ఒక్కరోజు కూడా తప్పని పిల్లలకి ఇస్తారు. ఎర్ర చీటీ వరసలో ముందు కూర్చునేది ఇదే. కొత్తగా వచ్చిన పిల్లలకి జావ ఎలా గుటకేయాలో నేర్పేది కూడా ఇదే. ముక్కు మూసుకోవాలి, ఆకాశం వైపు చూడాలి, మూడు లెక్కపెట్టాలి.

జావలో పాలు కలిపాను. మొదటి గుటకకే కనిపెట్టి ఉమ్మేసింది. అన్నంలో పప్పు కట్టు కలిపాను. వాసన చూసి కంచం జరిపేసింది. ఒకసారి విసిగిపోయి బలవంతంగా నోట్లో కుక్కాను. ఏడవలేదు. దొడ్లోకి వెళ్ళి వేలు గొంతులో పెట్టుకుని కక్కేసింది. తిరిగొచ్చి నోరు తుడుచుకుని, పెద్దదానిలా, "అమ్మా, మర్చిపోయావేమో. నాకు కదా ఎర్ర చీటీ" అంది.

పెరుగు గిన్నె మీద చెయ్యి వేసినప్పుడల్లా కొట్టాను కదా. బాగానే నేర్పాను.

మూడో ఏడు అట్లతద్ది వచ్చింది. మోక్షితకి ఎనిమిదేళ్ళు. చూసినవాళ్ళు ఆరంటారు. నాకేదో పిచ్చి ఆశ. ఈ రోజు పేరు చెబితే తింటుందేమో, నోము అంటే తింటుందేమో అని. వరహాలమ్మ చుక్కుండగానే లేపింది. వేడన్నం, ముద్దపప్పు, చేతినిండా నెయ్యి. పిల్లని మధ్యలో కూర్చోబెట్టుకున్నాం. సూరిబాబు కూడా ఆ రోజు బండికి వెళ్ళకుండా గుమ్మం దగ్గర కూర్చున్నాడు. పళ్ళెంలో నెయ్యి మెరుస్తుంటే మోక్షిత కొంచెంసేపు తదేకంగా చూసింది. గొంతు కదిలింది. మింగింది, ఒట్టి ఉమ్మే.

"ఇది నీ మొగుడికి" అంది నాయనమ్మ ముద్ద ఎత్తి.

మోక్షిత నవ్వింది. నవ్వుతూనే ఆవిడ చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

"నాయనమ్మా, ఇది తింటే నా ఇరవై ఏడు ఇరవై ఆరైపోద్ది."

"ఎవరన్నారే?"

"లెక్క చేసుకున్నాను" అంది.

బయట వీధిలో ఉయ్యాల దగ్గర ఎవరో పిల్లలు అప్పుడే చేరినట్టున్నారు, ఇదివరకులా గోల లేదు. మోక్షిత పళ్ళెం దగ్గరికి లాక్కుంది. పప్పు తగిలిన అన్నాన్ని ఒక పక్కకి, తెల్ల మెతుకుల్ని ఇంకో పక్కకి, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఓపిగ్గా విడదీసింది. పప్పన్నమంతా ముద్ద చేసింది. ముద్ద బాగా చేస్తుంది, వాళ్ళ నాయనమ్మ లాగే. ఆ ముద్ద తెచ్చి నా నోటి దగ్గర పెట్టింది.

"నువ్వు తినమ్మా," అంది, "నీది పచ్చ చీటీ కదా."